మిలిటరీ లారీకి నాలుగు నిమ్మకాయలు

నాలుగంటే నాలుగు నిమ్మకాయలతో ఒక పెళ్ళి సంబంధాన్ని, ఒక తోట కాపును, ఒక మిలిటరీ లారీని ఒకే మధ్యాహ్నం గంగలో కలపబోయిన మనిషిని మీరు చూసి ఉండరు. చూడాలనిపిస్తే ఉదయగిరి రండి. బస్సు దిగి దావీదు ఇల్లెక్కడ అని అడిగితే ఏ దావీదు అంటారు. నిమ్మకాయల దావీదు అనండి, ముందు నవ్వి తర్వాత దారి చూపిస్తారు. ఆ నవ్వు ఎందుకో వాళ్ళను మాత్రం అడగకండి. ఒక్కొక్కరు ఒక్కో మసాలా కలిపి చెబుతారు. జరిగింది జరిగినట్టు నేను చెబితేనే నా పరువు కాస్తయినా మిగులుతుంది.

అప్పటికి నా పెళ్ళి వయసు వచ్చింది, దాటింది, దాటిన తర్వాత వెనక్కి తిరిగి నన్ను జాలిగా చూస్తూ ఉంది. చేసిన పనులకు లెక్క లేదు. సెల్‌ఫోన్ల షాపు పెట్టాను, మూశాను. షామియానాలు అద్దెకు ఇచ్చాను, ఒక గాలివానకు అవి దుత్తలూరు దాకా ఎగిరిపోయాయని మా ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ తర్వాత నీళ్ళ ట్యాంకరు ఆలోచన పుట్టింది. మా మెట్ట ప్రాంతంలో ఎండాకాలం వస్తే బోర్లలో నీళ్ళకు బదులు గాలి వస్తుంది. కొండ కింద పల్లెలకు ట్రాక్టరు ట్యాంకరు పోలేని దారులున్నాయి. సైన్యం వాళ్ళు వాడి, వయసైపోయిందని అమ్మేసే లారీలైతే ఎక్కడికైనా పోతాయని ఒక వీడియోలో చూశాను. ఆ వీడియోలో లారీ మంచులో పోయింది, బురదలో పోయింది, వాగులో పోయింది. దాని కింద దూరి గ్రీజు పూసేవాణ్ణి మాత్రం ఒక్కసారి కూడా చూపించలేదు.

మద్రాసు అవతల పాత బండ్లు అమ్మే యార్డులో దాన్ని కొన్నాను. ఆ ముఖం, ఆ ఎత్తు, ఆ చక్రాలు చూసి బేరం కూడా సరిగ్గా ఆడలేదు. కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయి, బండే సక్రమంగా లేదు. అయినా పాపం, ఉదయగిరి దాకా తన కాళ్ళ మీద తానే వచ్చింది. మా ఇంటి ముందుకు రాగానే ఒకసారి దగ్గి, నల్లటి పొగ వదిలి, ఊపిరి వదిలేసింది. నాయన అరుగు మీద కూర్చుని చూసి, ఏనుగు బతికున్నా వెయ్యే చచ్చినా వెయ్యే అంటారు గదా, ఇది ఏనుగే, కాకపోతే చచ్చింతర్వాత కూడా మేత మనమే పెట్టాల అన్నాడు.

అలాంటి బండిని ఊరికే నిలబెట్టకూడదు. వారానికొకసారైనా ఇంజను తిప్పాలి. బ్రేకుల సంగతి చూడాలి. టైర్లు ఒకే చోట నిలబడి బీటలు వారకుండా కాస్త ముందుకూ వెనక్కూ కదిలించాలి. ఇవన్నీ నాకు ఇప్పుడు తెలుసు. అప్పట్లో నాకు తెలిసిన సంరక్షణ ఒకటే, రంగు వేయించడం. సైన్యం రంగు బయటి బండ్లకు ఉండకూడదన్నారని మంచి చిలకపచ్చ రంగు వేయించాను. పాట పాడే హారన్ పెట్టించాను. ముందు అద్దం మీద 'విజయరథం' అని పూల అక్షరాలతో రాయించాను. ఇంజను లేదు, బ్రేకు లేదు, బండి పేరు విజయరథం. పైన పటారం లోన లొటారం అన్న మాట ఎవరు పుట్టించారో గాని, నా లారీని చూసే పుట్టించి ఉంటారు.

బండి కదలకపోయినా ఖాళీగా మాత్రం లేదు. డ్రైవరు సీటు చిరిగి స్పాంజి బయటపడిన చోట మా అవ్వ పెంచుకునే ఎర్రకోడి గుడ్లు పెట్టడం మొదలుపెట్టింది. దానికి ఆ సీటు ఎంత నచ్చిందంటే, నేను తలుపు తీస్తే ఎవరి బండి ఎవరు ఎక్కుతున్నారన్నట్టు చూసేది.

ఇట్లా ఉండగా మా పాస్టరు గారు ఒక సంబంధం తెచ్చారు. అమ్మాయి పేరు సునీత. ఆత్మకూరులో బడిపంతులమ్మ. ఆత్మకూరు చేరకముందే రోడ్డు పక్కన వాళ్ళకు నిమ్మతోట, తోటలోనే ఇల్లు. తండ్రి జాకోబు గారు సైన్యంలో లారీలు తోలి హవల్దారుగా రిటైరైన మనిషి. ఇంట్లో చెప్పుల దగ్గర్నుంచి గొడ్ల కొట్టంలో పారల దాకా అన్నీ వరసలో నిలబడి ఉంటాయి. చూపులకు వెళ్ళిన రోజు నేను కూడా తెలియకుండానే వాటి పక్కన వరసలో నిలబడ్డాను.

సునీతను ఒక్కసారి చూశాను. మంచినీళ్ళు తెచ్చి ఇచ్చి, నేను గ్లాసు పట్టుకున్న తీరు చూసి నవ్వు ఆపుకుంది. నాకు అంతే చాలు. చేసుకుంటే ఈ అమ్మాయినే చేసుకోవాలని ఆ నీళ్ళు గొంతు దిగేలోగా తీర్మానించేసుకున్నాను.

జాకోబు గారి తీర్మానం వేరేగా ఉంది. నేను ఏం చేస్తుంటానో అడిగారు. చెప్పాను. అంతకుముందు ఏం చేశావన్నారు. చెప్పాను. అంతకుముందు అన్నారు. షామియానాలు ఎగిరిపోయిన దగ్గరికి వచ్చేసరికి ఆయన లేచి, ఇక వెళ్ళిరండి అన్నట్టు తువ్వాలు దులుపుకున్నారు. ఏ పనీ చేతిలో నిలవని వాడికి పిల్లనెట్లా ఇస్తామన్నది ఆయన మనసులో మాట. ఆయన అనకపోయినా తువ్వాలు అనేసింది. ఆ కంగారులో నా నోరు దానంతట అదే తెరుచుకుంది. నాకు ఒక మిలిటరీ లారీ ఉందండీ అన్నాను.

ఆయన తువ్వాలు గాల్లోనే ఆగిపోయింది. మళ్ళీ కూర్చున్నారు. ఏ మోడలు, ఎన్నాళ్ళు సర్వీసు చేసింది, ఏ వైపు పనిచేసింది, అన్నీ అడిగారు. నాకు తెలిసినవి కొన్ని చెప్పాను, తెలియనివి ఇంకా ధాటిగా చెప్పాను. ఆఖరికి అసలు ప్రశ్న వచ్చింది.

"బండి తిరగతా ఉండాదా?"

"తిరగతా ఉండాది సార్."

ఆ మూడు ముక్కల అబద్ధం ఎంత సాఫీగా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఆయన కళ్ళల్లో మెరుపు చూసి వెనక్కి తీసుకోలేకపోయాను.

"అయితే వచ్చే ఆదివారం ఆరాధన అయినాక బండి తోలుకోని రా. చూస్తా. మిలిటరీ బండిని నిలబెట్టుకున్నోడు సంసారాన్ని గూడా నిలబెట్టుకుంటాడు" అన్నారు.

నిలబెట్టడమైతే నేను బాగానే నిలబెట్టాను. కదిలించడమే నా వల్ల కాలేదు. ఆ వారమంతా మెకానిక్కులు వచ్చి చూసి, తల ఊపి, కోడిని చూసి, ఇంకోసారి తల ఊపి వెళ్ళిపోయారు. అప్పుడు నా బుర్రలో ఒక గొప్ప పథకం మెరిసింది. చూపులకు పోయినప్పుడు ఒకటి గమనించాను. జాకోబు గారి తోట గేటు దాటాక రోడ్డు వంపు తిరిగి ఒక మిట్ట ఎక్కుతుంది. ఆ మిట్ట మీద నుంచి చూస్తే నేరుగా తోట గేటే కనపడుతుంది. లారీని ట్రైలరు మీద అక్కడిదాకా మోసుకుపోయి, మిట్ట మీద దించి, నేను సీట్లో కూర్చుంటే అదే జారుకుంటూ గేట్లోకి పోతుంది. ఇంజను చప్పుడు ఏదని అడిగితే, పల్లంలో డీజిలు ఎందుకు దండగని ఆపేశానంటాను. మామగారు నా పొదుపు చూసి మురిసిపోతారు. చూశారా ఎంత ముందుచూపో.

బుల్‌డోజర్లు మోసే పెద్ద ట్రైలరు ఆత్మకూరు మస్తానన్నకు ఉంది. ఆయనకు ట్రైలరు ఎంత పొడుగో ఓర్పు అంత పొడుగు. ఆదివారం పొద్దున్నే వచ్చి, గొలుసులూ కప్పీ వేసి విజయరథాన్ని ట్రైలరు మీదికి లాగి, నాలుగు మూలలా గొలుసులు బిగించి, వెనక చక్రాలకు వెనకవైపు ఇటొకటి అటొకటి లావుపాటి చెక్క దిమ్మలు కొట్టాడు. మధ్యలో మా అవ్వతో చిన్న గొడవ వచ్చింది. ఎర్రకోడి అప్పటికి పొదుగు మీద ఉంది. పొదిగే కోడిని కదిలిస్తే గుడ్లు మురిగిపోతాయని అవ్వ తలుపుకు అడ్డం నిలబడింది. కావాలంటే లారీని దింపి కోడిని ఉంచమంది గాని, కోడిని దింపి లారీని పోనీయనంది. చివరికి కోడి కూడా ప్రయాణం కట్టింది.

ఇప్పుడు మీకు లారీ వాళ్ళ మతం గురించి ఒక మాట చెప్పాలి. మేము బాప్టిస్టులం, మస్తానన్న ఐదు పూటలా నమాజు చేసే మనిషి, మా వీధిలో లారీలున్న మిగతావాళ్ళు కొండకు మొక్కుకునేవాళ్ళు. కానీ చక్రం దగ్గరికొచ్చేసరికి అందరిదీ ఒకే మతం, నిమ్మకాయ. బండి బయలుదేరేటప్పుడు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించకుండా మా వైపు ఏ డ్రైవరూ ఊరు దాటడు. అవ్వ లారీ మీద చెయ్యి ఆనించి పొడుగాటి ప్రార్థన చేసింది. అది అయ్యాక మస్తానన్న తన ట్రైలరు ముందు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు. నేను మరి నా లారీకో అన్నాను.

"అరే దావీదూ, నీది ఇప్పుడు బండి గాదురా, లోడు. లోడుకు యాడన్నా నిమ్మకాయలు పెడతారా? రేపు ఎరువు బస్తాలకు గూడా పెట్టమంటావు" అన్నాడు.

నాకు చివుక్కుమంది. పెళ్ళికొడుకు తరఫున పోతున్న బండిని పట్టుకుని లోడంటాడా అనుకున్నాను. మిగిలిన నాలుగు నిమ్మకాయలు తీసి జేబులో వేసుకున్నాను. ఆ చిన్న పని చేసినప్పుడు ఎవరైనా నా చెయ్యి విరగ్గొట్టి ఉంటే బాగుండేది.

దారంతా రాజభోగమే. దుత్తలూరులో టీ తాగడానికి ఆగితే జనం చుట్టూ చేరి, యుద్ధం ఏమన్నా వచ్చిందా అని అడిగారు. చిలకపచ్చ రంగు చూసి, వచ్చినా చాలా చిన్న యుద్ధమై ఉంటుందని వాళ్ళే తేల్చుకున్నారు. నేను ట్రైలరు మీదికెక్కి, నా లారీ క్యాబిన్‌లో కోడి పక్కన కూర్చుని స్టీరింగు తిప్పుకుంటూ వస్తానన్నాను. మస్తానన్న నా చొక్కా పట్టుకుని కిందికి లాగి తన పక్క సీట్లో కూలేశాడు. ట్రైలరు మీద బండి ఉన్నప్పుడు దాంట్లో మనిషి ఉండకూడదని, కట్లు తెగితే ముందు పోయేది వాడేనని చెప్పాడు. అలాంటి మాటలన్నీ నేను ఒక చెవితో విని, ఇంకో చెవికి కూడా చెప్పకుండా వదిలేసేవాణ్ణి.

తోట దగ్గర పడింది. గేటు బార్లా తీసి ఉంది. లోపల కళ్ళంలో, మర్నాడు మార్కెట్టుకు పోవాల్సిన నిమ్మకాయల బస్తాలు గోడలా పేర్చి ఉన్నాయి. జాకోబు గారు రోడ్డు వైపు వీపు పెట్టి కూర్చుని బూట్లకు పాలిష్ కొట్టుకుంటున్నారు. నా లారీని స్వాగతించడానికే ఆ బూట్లు. ఆ సంగతి అర్థమవగానే తల వంచి సీటు కిందికి దూరి, ఆపకుండా పోనీ అన్నా అని బతిమాలాను. మస్తానన్న విచిత్రంగా చూసి పోనిచ్చాడు.

మిట్ట మీద బండి ఆపాడు. ఇక్కడెవరో మెకానిక్కు వస్తాడనుకుని, గొలుసులు విప్పి, ట్రైలరు వెనక పలకలు కిందికి దించి, ఇప్పుడేంది అన్నాడు. నా పథకం వివరించాను. ఆయన నవ్వకుండా నా లారీ మూతి ఎటు ఉందో చూపించాడు. ఆత్మకూరు వైపు ఉంది. తోట గేటు వెనక ఉంది. దించితే బండి వెనక్కి వెనక్కి దిగుతుంది. వారం రోజులు ఆలోచించిన పథకంలో నాకు ఈ ఒక్కటే తట్టలేదు.

పోనీ వెనక్కే పోదామన్నాను. రివర్సులో వస్తే ఇంకా నైపుణ్యం అనుకుంటారులే అన్నాను. మస్తానన్న క్యాబిన్‌లోకి ఎక్కి, కోడి ముక్కుతో పొడుస్తున్నా లెక్కచేయకుండా బ్రేకు తొక్కి చూశాడు. పెడలు నేలదాకా పోయి, మళ్ళీ పైకి రావడం మరిచిపోయింది. హ్యాండ్ బ్రేకు లాగితే తుప్పు రాలింది. దిగివచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు.

"ఇంజను లేదు, బ్రేకు లేదు. ఇప్పుడు దీన్ని పట్టుకోనుండేది ఈ రెండు దిమ్మలే. నేను నమాజు చేసుకోని వస్తా. వచ్చినాక గొలుసులు బిగిచ్చి నేరుగా గేటు కాడికే తీసకపోతా. నువ్వు ఆయనకు నిజం చెప్పు. అందాకా ఆ దిమ్మల్ని తాకబాక."

నీళ్ళ డబ్బా, చాప తీసుకుని అవతల చెట్టు నీడకు పోయాడు. నేను ట్రైలరు పక్కన కూర్చున్నాను. నిజం చెబితే సునీత నాకు దక్కదు. అబద్ధం నిలబెట్టుకునే దారి లేదు. అంత దుఃఖంలో మనిషి దేవుణ్ణి తలుచుకోవాలి. నేను నిమ్మకాయల్ని తలుచుకున్నాను. పొద్దున బయలుదేరేటప్పుడు నా బండికి నిమ్మకాయలు తొక్కించలేదు, అందుకే అన్నీ అడ్డంకులు అని గట్టిగా నమ్మేశాను. ఇప్పుడైనా తొక్కిస్తే ముందరి పనైనా శుభంగా జరుగుతుంది. జేబులో చూస్తే నాలుగూ ఉన్నాయి.

ఇక్కడే సృష్టిలో ఒక ఇబ్బంది ఉంది. చక్రం కింద దిమ్మ పెట్టే చోటూ, నిమ్మకాయ పెట్టే చోటూ ఒకటే. రెండూ ఒకేసారి పట్టవు. నేనేం చేశానో మీరు ఊహించే ఉంటారు. ఊహించి, అంత వెధవ పని ఎవరూ చేయరులే అనుకుని ఉంటారు కూడా. చేశాను. దిమ్మ తీసి, నిమ్మకాయ పెట్టి, చక్రం ఒక్క బెత్తెడు కదిలి కాయ నలగ్గానే మళ్ళీ దిమ్మ పెట్టేద్దామని నా లెక్క. అన్ని టన్నుల లారీ నా కోసం బెత్తెడు కదిలి, అంతే చాలా దావీదూ అని ఆగుతుందని నా నమ్మకం.

ఇటు పక్క దిమ్మ సుత్తితో కొట్టి తీశాను. రెండు కాయలు పెట్టాను. బండి కదల్లేదు. ఎంత బుద్ధిమంతురాలు నా బండి అనుకున్నాను. అటు పక్క దిమ్మ ఇంకా ఉంది కాబట్టి కదల్లేదన్న సంగతి తట్టలేదు. అటు పోయి అది కూడా తీసి, ఒక కాయ పెట్టి, రెండోది పెట్టబోతుంటే టప్పున చప్పుడైంది. పెట్టిన కాయ నలిగింది. శుభం జరిగింది. దాని రసమంతా పిచికారీ కొట్టినట్టు నా రెండు కళ్ళల్లో పడింది.

కళ్ళు మండిపోతూ నులుముకుని తెరిచి చూసేసరికి ట్రైలరు మీద ఆకాశం కనిపించింది. అక్కడ ఉండాల్సిన లారీ పలకల మీదుగా దిగి రోడ్డెక్కింది. చిన్నగా, మర్యాదగా, వెనక్కి పోతోంది. దిమ్మ తీసుకుని వెంట పరిగెత్తాను. పరిగెత్తే చక్రం కింద దిమ్మ పెట్టడం పరిగెత్తే ఎద్దు కాలికి చెప్పు తొడగడం లాంటిది. దిమ్మ పారేసి తలుపు పట్టుకుని ఎక్కబోయాను. లోపల సీట్లో కోడి లేచి నిలబడి, స్టీరింగు మీదుగా నా వైపు చూసింది. కాలు జారి కింద పడ్డాను. లేచేసరికి లారీ నాకంటే చాలా ముందుంది. రోడ్డు వంపు తిరిగింది గాని లారీ తిరగలేదు. నేరుగా గేటుకు గురిపెట్టింది.

ఆ క్షణంలో కళ్ళం కనపడింది. బస్తాల పక్కన కూర్చుని సునీత పురికొసతో బస్తా మూతులు కుడుతోంది. పక్కన ఇద్దరు కూలీ ఆడవాళ్ళున్నారు. ఇంతవరకూ మిమ్మల్ని నవ్వించడానికి చెప్పాను గాని, ఆ ఒక్క క్షణం నాకు నవ్వు లేదు. గొంతు పగిలేలా అరిచాను. ఏమని అరిచానో కూడా తెలియదు.

జాకోబు గారు తలెత్తి వెనక్కి తిరిగారు. మిలిటరీ లారీ వెనక భాగం తన గేటు వైపు వస్తూ కనపడింది. పిల్లవాడు చెప్పినట్టే బండి తెచ్చాడు, పైగా రివర్సులో తెస్తున్నాడు అనుకున్నారట. అంతే, ఎన్నో ఏళ్ళ అలవాటు ఒక్కసారిగా లేచి నిలబడింది. రివర్సు వచ్చే బండికి దారి చూపేవాడు ముందు మనుషుల్ని తప్పించాలి. "అందరూ లెయ్యండి, ఎడం పక్కకు పోండి" అని ఒక్క కేక వేశారు. సునీతా వాళ్ళూ లేచి చెట్ల వైపుకు పోయారు. ఆయన మెరిసే బూట్లతో ఒక పక్కగా నిటారుగా నిలబడి, రెండు చేతులూ ఎత్తి సైగలు మొదలుపెట్టారు.

"ఆనే దో... ఆనే దో... సీదా... ధీరే..."

లారీ ఆనే దో అంటే వచ్చింది. సీదా అంటే నేరుగా వచ్చింది. గేటు స్తంభాలకు గీత పడకుండా లోపలికి వచ్చింది. ఆయన ముఖంలో సంతోషం నాకు అంత దూరం నుంచే కనపడుతోంది. ఆయన చెయ్యి అడ్డంగా పెట్టి "బస్" అనడమూ, లారీ నిమ్మకాయల బస్తాల గోడను గుద్దుకుని, సగం గోడను మింగి, నిట్టూర్చి ఆగిపోవడమూ ఒకేసారి జరిగాయి. మూడు నిమ్మకాయలతోనే కదిలిన బండి తోట కాపంతా అడ్డం పడితే గాని ఆగలేదు. వాసన ఆత్మకూరు బస్టాండు దాకా పోయి ఉంటుంది.

"శభాష్" అన్నారు జాకోబు గారు. కాస్త ఎక్కువ వచ్చింది గాని చెప్పిన మాట విన్నాడని మెచ్చుకుంటూ, డ్రైవరు తలుపు దగ్గరికి వెళ్ళి, చెయ్యి కలపడానికి చెయ్యి చాచి తలుపు తీశారు. లోపల్నుంచి ఎర్రకోడి మెట్టు మీదికి వచ్చి, రెక్కలు ఒకసారి దులుపుకుని, ఆయన్ని చూసి కొక్కొక్కొమని తిట్టి, మళ్ళీ తన గుడ్ల మీదికి వెళ్ళి కూర్చుంది.

నేను రొప్పుతూ గేట్లోకి వచ్చాను. మోకాళ్ళూ చేతులూ చీరుకుపోయాయి, కళ్ళు ఎర్రగా ఉన్నాయి, చేతిలో నాలుగో నిమ్మకాయ అలాగే ఉంది. ఆయన చాచిన చెయ్యి ఇంకా దించలేదు.

"బండి ఎవురు తోలినారు?"

"ఎవురూ తోల్లేదు సార్."

"బ్రేకు?"

"లేదు సార్."

"ఇంజను?"

"అదీ లేదు సార్."

"మరి ఏముండాదబ్బాయ్ దీంట్లో?"

"కోడి ఉండాది సార్."

కూలీ ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. అంతలో మస్తానన్న చాప చంకలో పెట్టుకుని మిట్ట దిగి వచ్చాడు. లారీని చూశాడు, బస్తాలను చూశాడు, నా చేతిలో నిమ్మకాయను చూశాడు. ఏమీ అడక్కుండానే అంతా అర్థమై నెత్తి మీద చెయ్యి పెట్టుకుని గేటు దగ్గరే కూలబడ్డాడు.

నేను దాచకుండా అంతా చెప్పేశాను. తిరగతా ఉండాది అన్న అబద్ధం, మిట్ట పథకం, నిమ్మకాయలు, అన్నీ. జాకోబు గారు కేకలు వేస్తారనుకున్నాను. వేసి ఉంటే తేలిగ్గా ఉండేది. ఆయన సునీత కూర్చున్న పీట వైపు చూశారు. అది లారీ చక్రం కింద పలకలై ఉంది.

"నా బిడ్డ ఈడ కూర్చోనుండాదబ్బాయ్ ఇందాక" అన్నారు మెల్లగా.

నాకు తల ఎత్తడానికి ధైర్యం చాలలేదు. తప్పైపోయింది సార్ అని, ఇక నా ముఖం చూపించనని చెప్పి వెనక్కి తిరిగాను. అప్పుడు సునీత మాట్లాడింది. ఆమె గొంతు నేను వినడం అదే మొదలు.

"నాయనా, నేను ఇందాకే చూసినాను. ట్రైలరు మీద లారీని ఏసుకోని మన గేటు దాటి పోయినాడు. సీటు కింద దాక్కోవాలని చూసినాడు గానీ తల బయటే ఉండాది. మోసం చెయ్యడం గూడా చేతగాలేదు ఈయనకు. ఇట్టాంటోడు రేపు నన్నేం మోసం చేస్తాడు?"

 మస్తానన్న ముందు నవ్వాడు. జాకోబు గారు నవ్వకుండా ఉండాలని మీసం సవరించుకున్నారు, గొంతు సవరించుకున్నారు, ఆఖరికి తువ్వాలు కూడా సవరించుకున్నారు. అయినా నవ్వు ఎటుపక్క నుంచో బయటికి వచ్చేసింది. తర్వాత తీర్పు చెప్పారు. లారీ ఇక్కడే ఉంటుంది. ప్రతి ఆదివారం ఆరాధన అవగానే నేను రావాలి. ఆయన చెబుతుంటే నా చేతుల్తో నేనే బాగుచేయాలి. అది బతికి తన కాళ్ళ మీద తాను గేటు దాటిన రోజే పెళ్ళి మాట.

"ముందు బ్రేకులు. ఇంజను తర్వాత. బండి ఆపను రానోడికి కదిలిచ్చే హక్కు లేదు" అన్నారు.

నలిగిన కాయలు మార్కెట్టుకు పనికిరావు కదా. ఆ సాయంత్రానికి మా అవ్వను, మా వీధిలో ఖాళీగా ఉన్న ఆడవాళ్ళందరినీ పిలిపించి ఊరగాయ పెట్టించాను. కోసింది, ఉప్పు కలిపింది నేనే. చీరుకుపోయిన చేతులకు నిమ్మరసం తగిలితే ఎట్లా ఉంటుందో మీకు చెప్పనక్కర్లేదు. ఎర్రకోడి మాత్రం ఏమీ ఎరగనట్టు గుడ్లన్నీ పిల్లలు చేసి, వాటిని వెంటేసుకుని లారీ చుట్టూ కవాతు చేసింది. దానికి తోట బాగా నచ్చిందని అవ్వ అక్కడే వదిలేసింది.

ఎన్ని ఆదివారాలు ఆ లారీ కింద పడుకున్నానో. గ్రీజు నా పుట్టుమచ్చలా అంటుకుపోయింది. మామగారు పక్కన కుర్చీ వేసుకుని ఒక్కొక్క బోల్టుకూ దాని కథ చెప్పేవారు. సునీత టీ తెచ్చి, నా కాళ్ళు మాత్రమే కనపడుతుంటే కాళ్ళకే నమస్కారం చెప్పి పోయేది. ఒక రోజు విజయరథం దగ్గింది, తుమ్మింది, ఊళ్ళన్నీ లేచేలా గర్జించింది. బ్రేకు తొక్కితే తొక్కిన చోటే ఆగింది. పెళ్ళయిన రోజు చర్చి నుంచి ఇద్దరం ఆ చిలకపచ్చ లారీలోనే తోటకు వచ్చాం. బయలుదేరబోతుంటే మస్తానన్న పళ్ళెంలో నాలుగు నిమ్మకాయలు పెట్టుకుని నవ్వుతూ ఎదురొచ్చాడు. వాటిని తీసుకెళ్ళి నేరుగా వంటవాళ్ళకు ఇచ్చేశాను.

పెళ్ళి భోజనంలో ఆ ఊరగాయే వేశాం. ఊరగాయ అమోఘంగా ఉంది, ఎవరి చేతి చలవ అని చుట్టాలు అడుగుతుంటే, మా మామగారు పంక్తి పంక్తికీ వెళ్ళి ముఖం బిగించుకుని, "ముందు మా కోడికి వడ్డించండి, ఆ రోజు బండి తోలింది అది" అని చెప్పుకొచ్చారు.

కాబట్టి పాఠకులారా, ఉదయగిరి నిమ్మకాయల దావీదు అనే నేను, మా అవ్వ ప్రార్థన మీద, మస్తానన్న ఓర్పు మీద, ఎర్రకోడి మీద, దాని పిల్లల పిల్లల మీద ఒట్టేసి చెబుతున్నాను. నా కంఠంలో ప్రాణం ఉండగా ఏ చక్రం కిందా దిమ్మ తీసి నిమ్మకాయ పెట్టను. ఇక ముందు నిమ్మకాయతో నాకు సంబంధమంటూ ఉంటే అది అన్నం పళ్ళెంలోనే. ఈ మాట చెబుతుండగానే బయట లారీ చక్రాల కింద దిమ్మలు ఉన్నాయో లేదో సునీత ఒకసారి వెళ్ళి చూసి వచ్చింది.